గవ్వల పుట్టింటికి ప్రయాణం



బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు దసరా సెలవులకు బరంపురం వచ్చి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పరిచాడు. "మావయ్యా, మాల్దీవులకు వెళ్ళి స్కూబా డైవింగ్ చెయ్యాలనుకుంటున్నాను. ఏ నెలలో వెళ్ళాలో, ఎన్నాళ్ళుండాలో నువ్వూ ఒకసారి చూడు" అన్నాడు. చెరువులో మెడలోతు దాటి ఎన్నడూ దిగని మనిషిని ఆ మాట అడగడమే విచిత్రం. ఇంతలో వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది. "సముద్రంలోకి దిగుతున్నావు గనక నాలుగు గవ్వలు పట్టుకురా నాయనా. మన అష్టాచెమ్మా గవ్వల్లో ఒకటి ఎక్కడో పోయింది."

ఆవిడ తెలిసి అన్నదో తెలియక అన్నదో గానీ, అసలు చరిత్ర అంతా ఆ గవ్వలోనే ఉంది.

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం మనం. ఒడియావారూ "కఉడి" అంటూ ఇలాంటి మాటలే చెబుతారు. డబ్బు గురించి మాట్లాడుతూ గవ్వను తలుచుకోవడం ఎందుకు? ఒకప్పుడు గవ్వే డబ్బు గనక. ఆ డబ్బు ఏ టంకసాలలోనూ అచ్చు కాలేదు. బంగాళాఖాతం తీరంలో చెలామణీ అయిన గవ్వల్లో చాలా భాగం మాల్దీవుల లోతులేని నీళ్ళలో పుట్టినవే. అక్కడివాళ్ళు కొబ్బరి మట్టలు నీటిమీద పరిచేవారు. గవ్వలోని పురుగు ఆ ఆకులను పట్టుకుని ఉండిపోయేది. మట్టలను ఒడ్డుకు లాగి, గవ్వలను ఇసుక గోతుల్లో పూడ్చి, లోపలి మాంసం కుళ్ళిపోయాక కడిగి ఓడలకెత్తేవారు.

మొరాకో దేశపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1343లో అక్కడికి వెళ్ళి, కొంతకాలం ఖాజీగా తీర్పులు కూడా చెప్పాడు. ఒక బంగారు దీనారుకు 4,00,000 గవ్వలు వచ్చేవనీ, ఒక్కొక్కప్పుడు 12,00,000 దాకా ఇచ్చేవారనీ, బెంగాల్ వర్తకులకు గవ్వలిచ్చి బియ్యం పుచ్చుకునేవారనీ రాశాడు. తరువాత ఆఫ్రికాలోని మాలి రాజ్యానికి పోతే అక్కడా అవే గవ్వలు, కానీ దీనారుకు 1,150 మాత్రమే! సముద్రాలు, ఎడారులు దాటేసరికి గవ్వ విలువ అంత పెరిగిందన్నమాట. 1602లో ఓడ పగిలి ఆ దీవుల్లో చిక్కుకున్న ఫ్రెంచివాడు పిరార్, గవ్వలు తప్ప మరో సరుకు లేని ముప్పై నలభై ఓడలు ఒక్క ఏడాదిలో బెంగాల్‌కు బయలుదేరడం చూశానన్నాడు. మన బాలేశ్వర్ రేవు నుంచి కూడా 17వ శతాబ్దంలో గవ్వలకూ కొబ్బరి పీచుకూ ఓడలు అక్కడికి వెళ్ళేవి.

ఒడిశాలో గవ్వల లెక్క ఇలా ఉండేది: నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కాహాణం. అంటే కాహాణానికి 1,280 గవ్వలు. బ్రిటిషువారు 1803లో కటకం, పూరీ ప్రాంతాలను పట్టుకున్నాక శిస్తు వెండి రూపాయల్లో కట్టమన్నారు. నాలుగు కాహాణాలకు దొరికే రూపాయి ఆరు, ఏడు కాహాణాలకు పోయింది. ధాన్యం అమ్మి గవ్వలు దాచుకున్న రైతు ఒక్కసారిగా బీదవాడయ్యాడు. 1817లో ఖుర్దాలో పైకులు తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు బల్లమీద గుప్పెడు గవ్వలు పోస్తాను. లెక్కల మాస్టారి అవసరం లేకుండానే అర్థమైపోతుంది.

ఇన్ని వందల ఏళ్ళు గవ్వలు ఏరినా, ఆ దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను ఊపిరి నిలిపినంతసేపు తప్ప నీటి అడుగున ఉండి చూసినవారు లేరు. 1943లో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనే ఫ్రెంచివారు గాలిసీసా వీపున కట్టుకుని పీల్చుకునే పరికరం తయారుచేశాక ఆ దారి తెరుచుకుంది. 1957-58లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హాన్స్ హాస్ జరీఫా అనే ఓడలో వచ్చి ఆ దిబ్బలను పరిశీలించాడు. 1965లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు కాస్త అటూఇటూగా వచ్చిన ఐక్యరాజ్యసమితి బృందం, ఈ దీవులు పర్యాటకానికి పనికిరావని చెప్పి వెళ్ళిపోయిందట. 1971లో కోర్బిన్ అనే ఇటలీ దేశపు ట్రావెల్ ఏజెంటు వచ్చి ఆ నీళ్ళు చూసి, మరుసటి ఏడాది కొంతమందిని వెంటబెట్టుకొచ్చాడు. తమాషా ఏమిటంటే, పిరార్ ఎక్కి మునిగిన ఓడ పేరు కూడా కోర్బినే! 1972లో కురుంబా అనే మొదటి విడిది తెరిచారు. పగడపు రాళ్ళ గోడలు, కొబ్బరాకుల కప్పు. ఏ పగడాలను చూడటానికి జనం వస్తారో వాటితోనే గోడలు కట్టారన్న సంగతి అప్పటికెవరికీ తట్టినట్టు లేదు.

తట్టింది తరువాత. చచ్చిన సొరచేప ఒకటి జాలరికి 32 డాలర్లు తెస్తే, అదే బతికి తిరుగుతుంటే చూడవచ్చేవాళ్ళ ద్వారా ఏడాదికి సగటున 3,300 డాలర్లు తెస్తుందని 1990లలో లెక్క కట్టారు. 2010లో సొరచేపల వేట పూర్తిగా మాన్పించారు. కానీ వేడిని మాన్పించడం ఎవరి చేతిలో ఉంది? 1998లో సముద్రం వేడెక్కి, లోతులేని చోట్ల పగడాలు చాలా దిబ్బల మీద నూటికి తొంభై పైగా తెల్లబడి చనిపోయాయి. మెల్లగా కోలుకుంటుండగా 2016లో మళ్ళీ అదే దెబ్బ. మధ్యలో 2009 అక్టోబరు 17న అధ్యక్షుడు నషీద్ తన మంత్రివర్గాన్ని గాలిసీసాలతో నీటి అడుగున కూర్చోబెట్టి సమావేశం జరిపాడు. లోకం నవ్వింది, ఫొటోలు వేసుకుంది.

"అయితే వెళ్ళొద్దంటావా మావయ్యా?" అన్నాడు మావాడు. వెళ్ళమనే అన్నాను. విమానం ఎక్కేవాడికి ఆ వేడిలో వాటా ఉందని మాత్రం మరిచిపోవద్దన్నాను. తరువాత ఇద్దరం కూర్చుని కాగితాలు దిద్దాం.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య ఋతుపవనం. వాళ్ళ ధివేహీ భాషలో "ఇరువై" అంటారు, మన ఇరవైకి దానితో చుట్టరికం లేదు. అప్పుడు ప్రవాహం తూర్పు నుంచి వస్తుంది గనక దీవుల వలయాలకు తూర్పువైపు నీళ్ళు తేటగా ఉంటాయి. మాంటా అనే పెద్ద టేకుచేపలను గుంపులుగా చూడాలంటే జూన్ నుంచి నవంబరు దాకా హనిఫారు అఖాతానికి పోవాలి. అక్కడ 2012 నుంచి గాలిసీసాలతో దిగనివ్వరు, పైన తేలుతూ చూడటమే. ఎప్పుడూ దిగనివాడు గనక పాఠాలూ కొలనులో అభ్యాసమూ ముందే పుదుచ్చేరిలో ముగించుకుంటే అక్కడ రోజులు కలిసొస్తాయి. ఉబ్బసం, గుండె, చెవి బాధలున్నవారు ముందుగా డాక్టరును అడగాలి. మొదటి మెట్టు శిక్షణతో 18 మీటర్ల లోతు దాటకూడదు, ఎంత నేర్చినవారికైనా అక్కడ 30 మీటర్లే హద్దు.

మావాడు చివరి రోజు పొద్దున దిగి, సాయంత్రం విమానం ఎక్కుదామని రాసుకున్నాడు. అది నేను కొట్టేశాను. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. వెంటనే పైకి ఎగిరితే, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు రక్తంలో బుడగలు కట్టవచ్చు. ప్రాణం మీదికి తెచ్చే బుడగలవి. కనీసం పద్దెనిమిది గంటలు, వీలైతే పూర్తిగా ఒక రోజు నేలమీద ఉండాలి. ఆ రోజు రాజధాని మాలెలో పగడపు రాయితో చెక్కిన 17వ శతాబ్దపు పాత మసీదు చూసి రమ్మన్నాను.

ఇక గవ్వల మాట. పగడాలను, తాబేటి చిప్పలను దేశం దాటించడం అక్కడ నేరం. ఒడ్డున గవ్వలు కూడా ఏరవద్దని అతిథులకు చెబుతారు. ఓడలకొద్దీ పంపిన దేశం నుంచి నాలుగు తేవడానికి లేదని అమ్మకు చెప్పడం మావాడి వంతయింది. ఆవిడ అంతా విని, "అన్ని ఓడల గవ్వలు ఇటే తెచ్చి పోశారంటున్నారుగా, మరి ఈ ఊళ్ళో ఒక్కటి దొరకదూ?" అంది.

మర్నాడు బజారులో పూజాసామాను కొట్లో దొరికాయి. మావాడు టిక్కెట్టు ఫిబ్రవరికి తీసుకున్నాడు.