షోలాపూర్ నేతపేటల్లో హెచ్‌ఐవీ బాలింతల సంరక్షణ

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లో తెలంగాణ నుంచి తరాల కిందట వెళ్లిన పద్మశాలీలు ఎక్కువ. మగవాళ్లు మరమగ్గాల మీద పనిచేస్తూ, ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుడుతూ బతుకుతారు. ఇక్కడి హెచ్‌ఐవీ బాలింతలకు పెద్ద దిక్కు ప్రభుత్వాసుపత్రి. అక్కడ హెచ్‌ఐవీకి చికిత్స చేసే ఏఆర్‌టీ కేంద్రం మందులు ఉచితంగా ఇస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రక్తపరీక్ష అంకెలతో పని లేకుండా జీవితాంతం మందులివ్వాలన్న విధానం దేశంలో 2014లో మొదలైంది.

అసలు చిక్కు కాన్పు తరవాతే. పసిబిడ్డ పనిలో తల్లి తన మాత్ర మరిచిపోతుంది. మాత్రలు మానితే వైరస్ మళ్లీ పెరిగి పాల ద్వారా బిడ్డకు సోకవచ్చు. పురిటికి పుట్టింటికి వెళ్లే ఆడపిల్ల సరిపడా మందులు వెంట తీసుకెళ్లాలి, లేదా అక్కడి కేంద్రానికి బదిలీ రాయించుకోవాలి.

బిడ్డకు పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు పోస్తారు. ముప్పు ఎక్కువైతే మరో మందు కూడా జోడించి, తల్లిపాలు తాగే బిడ్డకు పన్నెండు వారాలు పోస్తారు. ఆరో వారంలో మడమ గుచ్చి, తెల్ల కార్డు మీది వలయాల్లో రక్తపు బొట్లు ఆరబెట్టి హెచ్‌ఐవీ పరీక్ష కోసం ప్రయోగశాలకు పంపుతారు. తుది నిర్ధారణ 18 నెలలకు. తల్లిపాలు ఎంచుకుంటే ఆరు నెలలు అవే పట్టాలి. మధ్యలో పోతపాలు కలపకూడదు. తేనె నాకించే అలవాటూ మానాలి, అత్తగారు నొచ్చుకున్నా సరే.

ఇరుకు వాడల్లో గుట్టు దాగదు. అనుమతి లేకుండా రోగి సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. ఇరుగుపొరుగు జంకనక్కర్లేదు; తల్లి చుట్టిన బీడీతో గానీ, ఆమె వండిన అన్నంతో గానీ హెచ్‌ఐవీ సోకదు.