పటాలంలో పుట్టుక అడగని రోజు: జనరల్ కృష్ణారావు జీవితం

మన దొనకొండ పాత విమానాశ్రయం మీ అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు వాడుకున్నది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. యుద్ధం మన తీరం దాకా వచ్చిన రోజులవి. ఆ ఆగస్టులోనే పందొమ్మిదేళ్ల తెలుగు కుర్రాడు ఒకరు సైన్యంలో అధికారిగా చేరారు. ఆయనే కోటికలపూడి వెంకట కృష్ణారావు. తర్వాత భారత సైన్యానికే అధిపతి అయ్యారు.

గిరిజన సంఘం సంచికలో ఆయన గురించి ఎందుకు రాస్తున్నామని మీరు అడగవచ్చు. కారణం ఆయన చేరిన పటాలంలో ఉంది.

ఆ కాలంలో దొరలు మనుషులను పుట్టుకతోనే విడదీసేవారు. కొన్ని కులాలు 'యుద్ధ జాతులు' అన్నారు. వాళ్లకే సైన్యంలో పెద్దపీట. దక్షిణాది వాళ్లు పోరాటానికి పనికిరారని మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ వచ్చారు. ఇంకొందరిని 'నేరస్థ జాతులు' అన్నారు. 1871లో ఉత్తరాదిలో మొదలైన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల, సుగాలి కుటుంబాలు ఎన్నో దాని కింద నలిగాయి. ఏ తప్పూ చేయకపోయినా వేలిముద్రలు వేయాలి, పోలీసుల ముందు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర దేశమంతటా చెరగలేదు.

మహర్లకూ ఇలాంటి అన్యాయమే జరిగింది. తరతరాలుగా బొంబాయి సైన్యంలో పనిచేసిన వాళ్లను 19వ శతాబ్దం చివర చేర్చుకోవడం మానేశారు. అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ కూడా సైన్యంలో సుబేదారే. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి మహర్లను మళ్లీ పిలిచారు. అవసరం తీరాక ఆ పటాలాన్ని రద్దు చేశారు. అంబేద్కర్ పట్టుబట్టి అడిగిన మీదట 1941 అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంటు ఏర్పడింది. కృష్ణారావు గారి సైనిక జీవితం ఆ రెజిమెంటుతోనే ముడిపడింది.

ఆయన బర్మా యుద్ధంలో, వాయవ్య సరిహద్దులో, బలూచిస్తాన్‌లో పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1947-48లో జమ్ము కాశ్మీర్ పోరులో ఉన్నారు. మూడో మహర్ పటాలానికి నాయకత్వం వహించారు. 1971 యుద్ధంలో మేజర్ జనరల్‌గా 8వ పర్వత డివిజన్‌ను నడిపించారు. ఆ డివిజన్‌లోని గూర్ఖా పటాలాన్ని హెలికాప్టర్లలో తీసుకెళ్లి సిల్హెట్ దగ్గర దింపారు. మన సైన్యం అలా హెలికాప్టర్లలో దాడికి దిగడం అదే మొదటిసారి. చివరకు సిల్హెట్‌లోని పాకిస్తాన్ దళాలు లొంగిపోయాయి. ఆ యుద్ధంలో చూపిన నాయకత్వానికి ఆయనకు పరమ విశిష్ట సేవా పతకం దక్కింది.

1981 జూన్ 1న ఆయన సైన్యాధిపతి అయ్యారు. మహర్ రెజిమెంటు నుంచి ఆ పదవికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. ఏ పటాలాన్ని అవసరానికి పిలిచి ఆనక వద్దన్నారో, ఆ పటాలం మనిషే మొత్తం సైన్యాన్ని నడిపించారు. ఈరోజు ఆ రెజిమెంటులో అన్ని ప్రాంతాల, అన్ని కులాల యువకులూ కలిసి పనిచేస్తున్నారు. అక్కడ పుట్టుక అడ్డురాదు.

1983 జులై 31న పదవీ విరమణ చేశాక గిరిజనులు ఎక్కువగా ఉండే నాగాలాండ్‌కు, మణిపూర్, త్రిపురలకు గవర్నర్‌గా వెళ్లారు. తర్వాత జమ్ము కాశ్మీర్ గవర్నర్‌గా రెండుసార్లు పనిచేశారు. 2016 జనవరి 30న, అమరవీరులను తలుచుకునే రోజునే, ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన వయసు 92.

ఆయన తన అనుభవాలను పుస్తకంగా రాసి వెళ్లారు. అందుకే ఈరోజు ఆయన గురించి మనకు ఇంత తెలుసు. మరి మన తండాల్లో, కాలనీల్లో, గూడేల్లో పటాలానికి వెళ్లి వచ్చిన తాతల సంగతి ఏమిటి? వాళ్లలో చాలామంది పుస్తకం రాయలేదు. వాళ్ల కథ ట్రంకుపెట్టె అడుగున ఉన్న డిశ్చార్జి బుక్కులో, రంగు వెలిసిన ఫోటోలో ఉంది. తాత పోయిన రోజు అది కూడా పోతుంది. ఒకప్పుడు మన పేర్లు పోలీసు రిజిస్టర్లలోనే ఉండేవి. సైనికుల జాబితాలో ఉన్న పేర్లను కూడా మనమే మరిచిపోతే ఆ పాత రాతే మన చరిత్రగా మిగులుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి పెద్దాయన ఉంటే ఈ ఆదివారం వెళ్లి కూర్చోండి. ఏ సంవత్సరంలో చేరారో, ఏ పటాలమో, ఎక్కడెక్కడ తిరిగారో అడగండి. తెలుగులో చెబితే తెలుగులో, మన భాషలో చెబితే మన భాషలోనే ఫోనులో రికార్డు చేయండి. డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీనీ ఫోటో తీయండి. వచ్చే సంచికలో వాళ్ల కథలు వేద్దాం.