బోరింగు నీటికి లెక్క రాద్దాం

గూడ కట్టుకునే ముందు మన పెద్దలు నీరు చూసేవారు. ఎండాకాలంలోనూ ఊట ఆగదా? గెడ్డకు ఎగువన నీటిని పాడు చేసేది ఏమైనా ఉందా? ఆ నీటితో పప్పు ఉడుకుతుందా? ఇవే వారి పరీక్షలు. సవరలకైనా, జాతాపులకైనా కళ్లూ నాలుకే కొలమానాలు.

వానాకాలంలో ఊటలో మురికి కలిసి విరేచనాలు పట్టుకునేవి. అందుకే 1970ల తర్వాత ఇండియా మార్క్-2 చేతిపంపులు ఊరూరా పాతుతుంటే సంతోషించాం. వాటిని బోరింగులు అన్నాం. నీరు తేటగా వచ్చింది కాబట్టి మంచిదే అనుకున్నాం.

కానీ నేలలోని రాయి గుణం నీటికి అంటుతుంది. అది నాలుకకు తెలియదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో జనం నడుములు, మెడలు బిగుసుకుపోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని షార్ట్ అనే వైద్యుడి బృందం రాసింది. బంగ్లాదేశ్‌లో విరేచనాల నుంచి కాపాడాలని లక్షల గొట్టపుబావులు వేశారు. వాటిలో ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడింది.

మన జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను కూల్చింది. నీటిని అనుమానించి చాలా పరీక్షలు చేశారు. ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నీటిని అక్కడికి తెచ్చే పథకం మొదలైంది. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. నేడు సీసాలో పట్టిన నీరు నేటి సంగతే చెబుతుంది. జబ్బుపడినవారు ఇరవై ఏళ్ల కిందట ఎలాంటి నీరు తాగారో అది చెప్పలేదు. అప్పుడే ఏటా పరీక్షించి రాసి ఉంచితే నేడు వెతికేవారికి ఆధారం దొరికేది.

ఆ పని మన గూడల్లో ఇప్పుడైనా మొదలుపెట్టాలి. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ ప్రకారం ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలి. రసాయనాల పరీక్ష ఏడాదికోసారి, క్రిముల పరీక్ష రెండుసార్లు జరగాలి. క్రిముల కోసం చిన్న సీసా పరీక్ష ఉంది. దాన్ని 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధకులు వివరించారు. సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీరు నల్లబడుతుంది. అలాంటి నీటిని మరిగించి తాగవచ్చు. ఫ్లోరైడ్ మాత్రం మరిగిస్తే పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వేరే నీరు అడగాల్సిందే.

ఉపాధ్యాయులారా, బడిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రతి బోరింగుకూ ఒక పేజీ ఇవ్వండి. ఏ నెలలో పరీక్షించారు, ఎవరు చేశారు, అంకె ఎంత వచ్చింది అన్నీ రాయండి. అధికారుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి.