పండగనాటి మ్యూజియం

శివరాత్రికి మన సిరొంచ, అంకిస వైపు జనం పిల్లాపాపలతో గోదావరి దాటి కాళేశ్వరం పోతారు. వీలున్నవాళ్లు చామోర్షి దగ్గరి మార్కండకూ పోతారు. దేవుని దర్శనంతో పాటు పాత శిల్పాలు కంటబడతాయి. గుడికి పండగ ఉండడం సహజమే. మ్యూజియానికి కూడా పండగ ఉంటుందా? ఉంది. ఆ చరిత్ర మద్రాసుది, అందులోని రాళ్లు మాత్రం తెలుగు నేలవి.

మద్రాసు మ్యూజియం 1851లో కాలేజీ భవనంలో మొదలై, 1854లో ఎగ్మూరుకు మారింది. మరుసటి ఏడు ఎడ్వర్డ్ బాల్ఫోర్ ఆ ఆవరణలోనే జంతుశాల పెట్టాడు. పాత చోటి పేరు వదలక, జనం మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతుశాలను 'బతికిన కాలేజీ' అనీ పిలిచారు. సంక్రాంతి పండగల చివర, మన ముక్కనుమ నాడు, తమిళులకు 'కాణుం పొంగల్'. చూడవలసిన మనుషులను, చూడవలసిన చోట్లను చూసివచ్చే రోజు. ఆనాడు కుటుంబాలకు కుటుంబాలు చచ్చిన కాలేజీకి తరలివచ్చేవి. ఏడాదిలో మరే రోజూ అంత జనం ఉండేది కాదు.

1885 నుంచి 1908 దాకా ఆ మ్యూజియాన్ని నడిపిన ఎడ్గర్ థర్‌స్టన్ ఈ జనాన్ని దగ్గర నుంచి చూశాడు. వీళ్లకు మ్యూజియం ఒక తమాషా ఇల్లు, లోపల ఏ వస్తువు పెట్టినా ఒకటే అని రాశాడు. అయినా తలుపులు మూయలేదు. పైగా పరదా స్త్రీల కోసం విడిగా రోజు కేటాయించాడు.

థర్‌స్టన్ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోలేను. అదే మ్యూజియంలోని అమరావతి శిల్పాలే అందుకు సాక్ష్యం.

1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసేనాటికే, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టే కొత్త పట్నం కోసం అక్కడి రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండనుకు పోయాయి. తర్వాత 1877లో రాబర్ట్ సూయెల్, 1880లలో జేమ్స్ బర్జెస్ తవ్వించినవాటిలో ఎన్నో మద్రాసులో నిలిచాయి.

అక్కడ ఒక గుండ్రని ఫలకం ఉంది. మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో మనుషుల మీద పడుతుంది. ఆ పక్కనే అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. మేడల కిటికీల నుంచి ఆడామగా తొంగి చూస్తుంటారు. రాతిలో చెక్కిన ఆ జనం కూడా తమాషా చూసే జనమే కదా!

ఇంకొక మాట. ఆ స్తూపాన్ని ఒక్క రాజే కట్టించలేదు. అమరావతి శాసనాల్లో ఒకదానిలో విధికుడనే తోలుపనివాడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి రాతిఫలకం దానమిచ్చినట్టు ఉంది. కుటుంబాలు ఇచ్చిన రాళ్లవి. కుటుంబాలు చుట్టూ ప్రదక్షిణ చేసిన రాళ్లవి. గోడకు బిగించాక వాటికి ప్రదక్షిణ పోయింది. పొంగలినాడు పిల్లలను చంకనెత్తుకుని వరసగా నడిచిన జనం తెలియకుండానే అందులో కొంత తిరిగి ఇచ్చారు. చదువు లేని చూపు విలువ లేని చూపు కాదు.

ఇక మన సంగతి. వైనగంగ ఒడ్డున మార్కండ గుళ్ల గోడల నిండా వెయ్యేళ్ల నాటి శిల్పాలున్నాయి. 1870లలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వాటిని ఇంగ్లీషులో వివరంగా వర్ణించాడు. మన జిల్లాకు అంతకన్నా పెద్ద శిల్పశాల లేదు. మద్రాసు వాళ్లు పండగనాడు మ్యూజియానికి పోవలసివచ్చింది. మనకు మ్యూజియమే జాతరలో ఉంది. లోటల్లా ఒక్కటే, చూసినదాన్ని చెప్పేవాళ్లు లేరు. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. గోడ మీది బొమ్మ కథ ఏ భాషలోనూ వాళ్లకు అందడం లేదు. శివరాత్రి నాడు చదువుకున్నవాళ్లు నలుగురు ఆ గోడల దగ్గర నిలబడి, తెలుగులో, మరాఠీలో, గోండీలో ఒక్కొక్క బొమ్మ కథ చెబితే చాలు. దీనికి సర్కారు మంజూరు అక్కరలేదు. జనం ఎలాగూ వస్తారు. వాళ్లను తమాషా జనమని తీసిపారేయకుండా, ఆ రాళ్ల వారసులుగా పలకరించడమే మనం చేయవలసింది.