ఎరలోని విషము



క్రూరమృగములను విషము పెట్టి చంపుట యను పద్ధతి మన దేశమున ఎప్పటినుండి యున్నది, అది ఏ విధముగా పెరిగినది, నేడు మన గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి, మిరప చేల గట్లమీదికి ఎట్లు వచ్చినది, దానివలన ఎవరికి హాని కలుగుచున్నది అను విషయమును ఈ ప్రసంగమున మనవి చేయుదును. ఇది అటవీశాఖవారికి మాత్రమే సంబంధించిన సంగతి యని తలపవలదు. గొఱ్ఱెల మంద గలవానికిని, వాకిట కుక్కను పెంచువానికిని, పసిబిడ్డను చేనిగట్టున కూర్చుండబెట్టి మిరపకాయలు కోయు తల్లికిని ఇది సంబంధించినదే.

ముందుగా మన సీమను ఒకమారు తలచుకొందము. తూర్పున సముద్రము, ఉత్తరమున కృష్ణానది, పడమట నల్లమల. నడుమ నల్లరేగడి భూములు, వానిని దాటిన మెట్టలు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. 1972లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేఱైనవి. ఈ సీమ పొలములలో నక్క, గుంటనక్క, జంగుపిల్లి, ముంగిస తిరుగును. పల్నాటి మెట్టలలో తోడేలు మందలను వెన్నాడును. నల్లమల అంచున చిరుతయు, పెద్దపులియు కలవు. 1983లో పులుల రక్షణకై ఏర్పడిన నాగార్జునసాగరము-శ్రీశైలము అభయారణ్యము నాటి అయిదు జిల్లాలలో వ్యాపించియుండగా, అందు గుంటూరు, ప్రకాశము జిల్లాలును చేరియుండెను. కావున మృగములతో ఇరుగుపొరుగుగా బ్రతుకుట మనకు క్రొత్త కాదు. నా బాల్యమున మా గ్రామములో రాత్రి మొదటి జామున నక్కల కూత వినబడని దినము లేదు.

మృగముల భయమును గూర్చి మన పూర్వులు ఏమి తలచిరో చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము కనబడక, మైసూరున శామశాస్త్రిగారి కృషివలన 1909లో అచ్చుపడినది. అందు కంటకశోధన మను నాలుగవ అధికరణమున, మూడవ అధ్యాయమున, దేశమునకు సంభవించు ఎనిమిది మహాభయములు చెప్పబడినవి. అవి అగ్ని, జలము, వ్యాధి, కఱవు, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు. క్రూరమృగముల భయము కలిగినప్పుడు మదన మను మొక్క రసము కలిపిన పశువుల కళేబరములను విడువవలెనని ఆ గ్రంథమున నున్నది. అనగా విషపుటెర మన దేశమున రెండువేల యేండ్లనాటి మాట. మృగమును చంపినవానికి 12 పణముల లాభమును అందే చెప్పిరి.

అయితే ఆ అధ్యాయమును అంతటితో మూసివేయరాదు. ఎలుకల భయమునకు విరుగుడుగా పిల్లులను, ముంగిసలను విడువవలెననియు, వానిని పట్టినవానికి గాని చంపినవానికి గాని 12 పణముల దండుగ వేయవలెననియు అక్కడనే యున్నది. మనుష్యుని చంపు మృగమును చంపినవానికి ఎంత బహుమానమో, ఎలుకను తిను జంతువును చంపినవానికి అంత దండుగ! ఎలుకలును, మృగములును ఒకే పట్టికలో చేరిన మహాభయములు. ఒక భయమును తొలగింపబోయి మఱియొక భయమును పెంచరాదను వివేకము ఆ శాస్త్రకారునికి ఉండెను. ఈ వివేకము తరువాతి కాలమున ఎట్లు చెడినదో తెలిసికొనుటయే నేటి ప్రసంగములోని ముఖ్యాంశము.

ఆంగ్లేయుల ప్రభుత్వము వచ్చినపిమ్మట మృగసంహారము సర్కారు లెక్కల కెక్కినది. పులి కింత, చిరుత కింత, తోడేలు కింత అని బహుమానములు ఏర్పడినవి. 1875 మొదలు 1925 వఱకు గల ఏబది సంవత్సరములలో బ్రిటిషు ఇండియాలో 80,000కు మించి పులులు, 1,50,000కు మించి చిరుతలు, 2,00,000 తోడేళ్లు బహుమానముల కొఱకు చంపబడినవని చరిత్రకారులు మహేశ్ రంగరాజన్ గారు వ్రాసిరి. తుపాకి, బోను, గొయ్యి వీనితోపాటు విషమును వాడిరి. ఆ విషములలో ముఖ్యమైనది స్ట్రిక్నిను. అది మనకు తెలియని వస్తువు కాదు. మన అడవులలో కాయు ముష్టి గింజలయందు ఉండు విషమే అది. మన వైద్యులు విషముష్టిని శుద్ధిచేసి, మితముగా, ఔషధముగా వాడెడివారు. 1818లో ఫ్రాన్సు దేశపు రసాయనికులు పెల్లెటియే, కవెంతూ అనువారు ముష్టిజాతి గింజలనుండి ఆ విషమును వేఱుపఱచిరి. పిమ్మట అది పొడియై, సీసాలలో లోకమంతట అమ్ముడుపోయినది.

అయినను ఆ కాలమున విషము కొలదిమంది చేతులలోనే యుండెను. సామాన్యపు రైతు ఇంట సీసాతో విషము ఉండెడిది కాదు. ఆ మార్పు స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట జరిగినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. వాణిజ్యపు పంటలు పెరిగినవి. వానితోపాటు పురుగును పెరిగినది. ఎండ్రిన్, ఫాలిడాల్ అను పేర్లు చదువురాని వారికిని కంఠస్థమైనవి. 1958లో కేరళమున ఫాలిడాల్ సోకిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. 1987-88 ప్రాంతమున మన జిల్లాలలోనే తెల్లదోమ, కాయతొలుచు పురుగు ప్రత్తిని నాశనము చేయగా, ఏ మందు పురుగును చంపలేకపోయెనో ఆ మందునే త్రాగి అప్పులపాలైన రైతులు కొందఱు ప్రాణములు తీసికొనిరి. ఆ దినములను చూచినవారు మీలో అనేకులు ఉందురు.

ప్రభుత్వము కొన్ని విషములను క్రమముగా మాన్పించినది. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించిరి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీముకోర్టు ఆపివేసినది. తిమ్మెట్ గుళికలని మనము పిలుచు ఫోరేటు 2020 డిసెంబరు 31వ తేదీతో నిషిద్ధమైనది. అయినను నారుమళ్లకును, వరిపొలములకును చల్లు గుళికలు, ప్రత్తికి కొట్టు మందులు, వాడగా మిగిలినవి, ఎన్నడో కొని మఱచినవి, అటకమీదనో గొడ్లపాకలోనో పడియున్నవి. కౌటిల్యుని కాలమున రాజు ఆజ్ఞచేత ప్రయోగింపవలసినది, ఆంగ్లేయుల కాలమున వేటగాని చేతిలో నున్నది, నేడు ప్రతి యింటను ఉన్నది. గొఱ్ఱె పోయిన కోపమున ఎవడైనను ఒక చేరెడు గుళికలను కళేబరమున కలిపి పొలిమేరలో పాఱవేయవచ్చును. అడుగువాడు లేడు; చూచువాడు లేడు.

ఈ విషములు పనిచేయు తీరు తెలిసికొనదగినది. శరీరమున నరము కండరమునకు ఆజ్ఞ పంపును. పని ముగియగానే ఆ ఆజ్ఞను చెఱిపివేయు పదార్థ మొకటి శరీరముననే కలదు. కార్బోఫ్యురాన్, మోనోక్రోటోఫాస్ మొదలగు మందులు ఆ పదార్థమును పనిచేయనీయవు. ఆజ్ఞ చెఱగదు, కండరములు ఆగక అదరును, నోట చొంగ కారును, కనుపాపలు సన్నబడును, తుదకు ఊపిరి ఆడదు. ఇది పురుగునందును ఇట్లే, పులియందును ఇట్లే, మనుష్యునియందును ఇట్లే. కార్బోఫ్యురాన్ గుళిక ఒక్కటి చిన్నపిట్టను చంపుటకు చాలును.

ఇక ఎర పెట్టినపిమ్మట జరుగునది చూడుడు. ఎర పెట్టినవాని మనస్సులో తోడేలు ఉన్నది. కాని కళేబరమునకు మొదట వచ్చునది కాకి, తరువాత ఊరకుక్క, పిమ్మట నక్క, ముంగిస, గద్ద. తోడేలు వచ్చిన వచ్చును, రాకున్న రాదు. చచ్చిన కాకిని పిల్లి తినును. చచ్చిన పిల్లిని మఱియొక కుక్క లాగుకొనిపోవును. నేను ఉపాధ్యాయుడుగా నున్న దినములలో ఒక మెట్టగ్రామమున ఇట్టిది జరిగినది. తోడేలు రెండు గొఱ్ఱెలను తీసికొనిపోగా, పొరుగు మందవారు విషపుటెర పెట్టిరి. తెల్లవాఱునప్పటికి చచ్చినవి ఆ మందవారి కుక్కలు రెండును. తోడేలు చావలేదు. కావలి కుక్కలు పోయిన మందకు అది మఱునాటినుండి నిర్భయముగా వచ్చినది. ఆ కాపరి కుఱ్ఱవాడు నా తరగతిలో చదువుచుండెను. "మాస్టరుగారూ, తోడేలు గొఱ్ఱెను తిన్నది, మేము మా కుక్కలను తిన్నాము" అని వాడు చెప్పిన మాట నేటికిని నా చెవిలో నున్నది.

నక్క చచ్చిన నష్ట మేమి యని కొందఱు అడుగుదురు. నక్క కోడిని ఎత్తుకొనిపోవుట నిజమే. కాని దాని నిత్యాహారములో ఎలుకలు, పందికొక్కులు ముఖ్యమైనవి. ధాన్యమును కొల్లగొట్టునవి అవియే. ముంగిసయు, జంగుపిల్లియు చేయు పని ఇదియే. కౌటిల్యుడు 12 పణముల దండుగతో కాపాడదలచిన కొలువు ఇదే. విషమునకు మాత్రము ఆ భేదము తెలియదు. అది బహుమానమునకు తగినదానిని, దండుగకు తగినదానిని ఒకే ముద్దతో చంపును.

ఇతర ప్రాంతముల సంగతులు కొన్ని మనవి చేసెదను. 2024 జనవరిలో తెలంగాణమున, కొమరం భీం ఆసిఫాబాదు జిల్లా కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయినవి. పులి చంపిన పశువు కళేబరమున విషము కలిపిరని దర్యాప్తున తేలి, కొందఱు నిర్బంధింపబడిరి. 2025 జూనులో కర్ణాటకమున మలె మహదేశ్వర కొండలలో విషము కలిసిన ఆవు కళేబరము తిని తల్లిపులియు, నాలుగు పిల్లలును ఒక్కచోటనే మరణించినవి. 2022 మార్చిలో అస్సామునందు కామరూపము జిల్లాలో నూటికి దగ్గఱగా రాబందులు మరణించినవి. కుక్కలను చంపుటకై విషము పెట్టిన మేక కళేబరమును తినుటయే కారణమని అధికారులు తలచిరి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందువలన మన రాబందులు 1990 తరువాత నూటికి తొంబదికి పైగా నశించియుండగా, 2006లో ఆ మందును పశువైద్యమున నిషేధించియుండగా, మిగిలినవానికి ఈ గతి పట్టినది. ఆఫ్రికాలో కెన్యా దేశపు పశుల కాపరులు సింహములకు కార్బోఫ్యురాన్ గుళికలనే పెట్టగా, 2009లో తయారీదారులు ఆ సరకును ఆ దేశపు అంగళ్లనుండి వెనుకకు తీసికొనవలసివచ్చెను. దేశము ఏదైనను కథ ఒక్కటే.

ఇంత చెప్పినందున కాపరి నష్టమును నేను తేలికగా ఎంచుచున్నానని అనుకొనవలదు. పది గొఱ్ఱెలే ఆస్తియైనవానికి రెండు పోవుట చిన్నమాట కాదు. వాని దుఃఖమును ఊరు పట్టించుకొననందుననే వాడు విషమును ఆశ్రయించుచున్నాడు. కాని ఆ త్రోవ చట్టవిరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట అను మాటకు చెప్పిన అర్థములో విషము పెట్టుటయు, పెట్టుటకు ప్రయత్నించుటయు చేరియున్నవి. పులి, చిరుత, తోడేలు వంటి మొదటి పట్టికలోని జంతువుల విషయమున మూడేండ్లకు తక్కువ గాక, ఏడేండ్ల వఱకు చెఱయు, జుల్మానాయు విధింతురు. రెండు గొఱ్ఱెలకై మూడేండ్లు చెఱలో నుండువాని కుటుంబమును ఎవరు పోషింతురు?

కావున గ్రామపెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. మృగము పశువును చంపిన, కళేబరమును కదలింపక, వెంటనే అటవీశాఖవారికి తెలిపి పంచనామా చేయించి, పరిహారమునకు అర్జీ పెట్టించుడు. చదువురాని కాపరికి ఆ అర్జీ వ్రాసిపెట్టుట మనవంటివారి పని. రాత్రివేళ మందను ముళ్లకంప దడిలో కట్టించుడు, మందకుక్కలను కాపాడుడు. రోగమున చచ్చిన పశువును పొలిమేరలో పాఱవేయక లోతుగా పూడ్పించుడు. మందుసీసాలను, గుళికల సంచులను తాళము వేసిన పెట్టెలో నుంచుడు. కుక్క గాని పశువు గాని చొంగ కార్చుచు వణకుచున్న, ఆలస్యము చేయక పశువైద్యశాలకు తీసికొనిపోయి, అనుమానమున్న మందు సంచిని కూడ చూపుడు. అట్రోపిన్ అను సూదిమందుచేత సకాలమున కొన్ని ప్రాణములు నిలుచును. అనుమానముగా చచ్చిన జంతువును వట్టిచేతులతో ముట్టవలదు; దాని తోలు ఒలువనీయవలదు; పిల్లలను దరికి పోనీయవలదు.

పూర్వము గ్రామమున చెఱువునీరు ఎవరు త్రావవలెనో, బీడున ఎవరి పశువు మేయవలెనో పెద్దలు తీర్పు చెప్పెడివారు. నేడు ప్రతి యింటి అటకమీదను విషము ఉన్నది గనుక, అది ఎక్కడ ఉండవలెనో, ఎక్కడ ఉండరాదో చెప్పవలసిన భారమును మీమీదనే పడినది. మీ గ్రామసభలో ఒకనాడు ఈ మాట ఎత్తుడు; మందలు గలవారిని పిలిచి వారి నష్టము వినుడు; ఎర పెట్టువానికి ఊరు సమ్మతింపదని అందఱి యెదుట తెలియజేయుడు.