ఇంటి కంప్యూటరునకు లినక్సు: ఒక ఎన్నిక, దాని వెనుక చరిత్ర

మా ఊరు మైలార్‌దేవ్‌పల్లి. పేరులో మైలారదేవుడును పల్లెయు నేటికిని నిలిచియున్నారు గాని, పల్లె యనదగిన గురుతులు కన్నులకు తక్కువగనే కనబడును. ఒక ప్రక్క కాటేదాను పారిశ్రామికవాడ, మరియొక ప్రక్క శంషాబాదునకు పోవు రద్దీ. 2007లో మా రాజేంద్రనగరము మహానగరపాలక సంస్థలో కలిసెను. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరచిరి. విమానములతోపాటు మా యిండ్లకు కంప్యూటర్లును వచ్చినవి. మా యింటికి వచ్చిన కంప్యూటరు మొదట మా అమ్మాయి చదువునకు కొన్నది. తరువాత మనుమని పాలబడినది. దానిని గురించి ఇటీవల మా యింట ఒక చర్చ పుట్టెను. ఆ చర్చయే నేటి ప్రసంగమునకు కారణము.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ తన సాధారణ పోషణమును ముగించెను. గృహస్థులు కోరుకొన్నచో 2026 అక్టోబరు వరకు ఒక్క సంవత్సరము అదనపు రక్షణ దొరకునని ప్రకటించిరి. పిమ్మట క్రొత్తదైన విండోసు 11నకు మారవలయును. దానికి టీపీఎం 2.0 అను రక్షణసాధనమును, కొంత క్రొత్త ప్రాసెసరును ఉండవలెనని నియమము. మా యంత్రమునకు ఆ యోగ్యత లేదు. అంగడివాడు చూచి, దీనిని తీసివేసి క్రొత్తది కొనుడనెను. యంత్రము చెడలేదు, తెర వెలుగుచున్నది, మీటలు పలుకుచున్నవి. చెడని వస్తువును పారవేయుటకు నా మనస్సొప్పలేదు. మనుమడు మాత్రము "తాతా, లినక్సు వేసుకుందాం, కాని నా ఆటలు పోతాయేమో" అని సందేహించెను. లినక్సనగా నేమి, ఎచటనుండి వచ్చినది, దానిని నమ్మవచ్చునా యని తెలిసికొననిదే యింటిలోనికి రానీయరాదని నేను తలచి, దాని పుట్టుపూర్వోత్తరములను విచారించితిని.

ముందుగా ఒక మాట. కంప్యూటరును నడపు ప్రధానవ్యవస్థ యనగా నేమి? మన తెలంగాణపు ఊళ్లలో చెరువునకు నీరటికాడుండెడివాడు. ఏ పొలమునకు ఎప్పుడు, ఎంత నీరు పారవలయునో చూచి తూము తెరచుటయు మూయుటయు అతని పని. అతడు లేనిచో బలవంతుని పొలమే తడియును. కంప్యూటరులోను జ్ఞాపకశక్తి, ప్రాసెసరు కాలము, నిల్వచోటు అనునవి చెరువు నీరువంటివి. లేఖలు వ్రాయు పని, పాట వినిపించు పని, ఆట ఆడించు పని అనునవి పొలములవంటివి. వీనికన్నిటికిని వంతులు వేసి పంచునది ప్రధానవ్యవస్థ. విండోసు అట్టి నీరటికాడొకడు, లినక్సు మరియొకడు.

ఈ కథ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మొదలైనది. అచట కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్సు అను వ్యవస్థను నిర్మించిరి. ఆ కాలమున విశ్వవిద్యాలయములలో ప్రోగ్రాముల మూలపాఠమును ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొనుట వాడుక. మన పండితులు తాటాకుల గ్రంథమును అడిగినవారికి ఎత్తివ్రాసికొననిచ్చినట్లే అనుకొనవచ్చును. రానురాను ఆ పాఠములు వ్యాపారరహస్యములై మూతబడెను. రిచర్డు స్టాల్‌మన్ అను నాతడు పనిచేయుచున్న ప్రయోగశాలలో ముద్రణయంత్రము మాటిమాటికి కాగితము చిక్కుకొని నిలిచిపోవుచుండెను. దానిని చక్కదిద్దుటకై మూలపాఠము నడుగగా, ఇచ్చుటకు వీలులేదని చెప్పిరి. ఆ నిరాకరణము అతని మనస్సున నాటుకొనెను. 1983 సెప్టెంబరులో అతడు గ్నూ అను స్వేచ్ఛావ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1985లో దానికై ఒక సంస్థను స్థాపించెను. 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రమును వెలువరించెను.

ఆ పత్రమునందలి ధర్మము సులభమైనది. ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనవచ్చును. దాని లోపలిని చదివి మార్చుకొనవచ్చును. ప్రతులు తీసి పంచవచ్చును. మార్చిన ప్రతిని సైతము పంచవచ్చును. అయితే పంచువాడు తాను పొందిన హక్కులను పుచ్చుకొనువానికిని ఇయ్యవలయును. ఇంగ్లీషులో 'ఫ్రీ' అను నొక్కమాటయే రెండర్థములకు చెల్లుటచే అచటివారు ఈ విషయమును మాటిమాటికి విడమరచి చెప్పవలసివచ్చెను. మన భాషకు ఆ చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఇది ముఖ్యముగా స్వేచ్ఛ. ఉచితముగా దొరకుట దాని వెంట వచ్చిన లాభము.

గ్నూవారు పనిముట్లు పెక్కు సిద్ధపరచిరి గాని, నడుమ నుండవలసిన కెర్నెల్ అను గర్భభాగము వారికి కుదురలేదు. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకు ఒక వ్యవస్థను వ్రాయుచున్నానని తోటివారికి తెలిపెను. ఆ సెప్టెంబరులోనే తొలి కూర్పు వెలువడెను. అందున్నవి సుమారు పదివేల పంక్తులు మాత్రమే. 1992లో దానిని అతడు జీపీఎల్ క్రిందికి తెచ్చెను. ఆ యొక్క నిర్ణయముచే వేలకొలది జనులు దానిమీద చేయివేయుటకు వీలు కలిగెను. కెర్నెలును పనిముట్లను కలిపి, వాడుకకు సిద్ధముగా నొక మూటగట్టి యిచ్చుటకు పూనుకొన్నవారు పలువురు. 1993లో స్లాక్‌వేరును, డెబియన్ అనునదియు పుట్టెను. ఈ మూటలనే లినక్సు పంపిణీలందురు.

ఆనాటి పంపిణీలు పామరులకు కొరుకుడుపడెడివి కావు. ఫ్లాపీలు కట్టలుకట్టలుగా మార్చుచు, తెరయొక్కయు మూషికముయొక్కయు వివరములు తామే వ్రాసి యియ్యవలసియుండెడిది. ఈ కష్టమును తొలగించుటకు వచ్చినవారిలో మార్కు షటిల్‌వర్తు ఒకడు. ఆతడు దక్షిణాఫ్రికావాడు; 2002లో అంతరిక్షయాత్ర చేసినవాడు. 2004 అక్టోబరులో అతని సంస్థ ఉబుంటును వెలువరించెను. ఆ పేరు ఆఫ్రికా భాషలది; తోటి మనుష్యులవలననే మనిషి మనిషి యగునను భావము దానిలో నున్నది. అడిగినవారికి సీడీలను తపాలులో ఊరకయే పంపు వాడుక 2011 వరకు సాగెను. 2006లో క్లెమెంట్ లెఫెబ్వర్ అను నాతడు ఉబుంటుపై ఆధారపడి లినక్సు మింటును ఆరంభించెను. విండోసునకు అలవాటుపడినవారు వెతుకుకొనకుండ ఎడమవైపు క్రింద జాబితా, క్రిందిభాగమున పట్టీ ఉండునట్లు దానిని దిద్దిరి.

మనవారు ఈ కాలమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పునందే తెలుగు లిపికి చోటు దొరకినది. అంతకు పూర్వము, ఆ పిమ్మట చాలకాలమువరకు, ఒక్కొక ఖతి అక్షరములను ఒక్కొక తీరున దాచెడిది. ఒక యంత్రమున వ్రాసిన లేఖ మరియొక యంత్రమున తెరచినచో అర్థములేని గీతలుగా కనబడెడిది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఖతులను కూర్చి స్వేచ్ఛగా నిచ్చిరి. నేటికిని డెబియన్ వంటి పంపిణీలలో అవి లభించుచున్నవి. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థ 2005లో తెలుగు వ్యవస్థను వెలువరించెను. 2007లో సీడాక్ సంస్థవారు బాస్ అను భారతీయ లినక్సును తెచ్చిరి. కేరళలో ప్రభుత్వపాఠశాలల కంప్యూటరు విద్య స్వేచ్ఛాసాఫ్ట్‌వేరుమీదనే సాగుచున్నది. జాబితాలలోని ఒక్కొక మాటను తెలుగు చేయుటకు రాత్రులు మేలుకొన్న యువకులెందరో! వారి పేర్లు తెరమీద కానరావు.

ఇక మనుమని చింత, అనగా ఆటల సంగతి. విండోసుకై వ్రాసిన ఆట లినక్సున నేరుగా నడవదు. 1993లోనే వైన్ అను ప్రయత్నము మొదలయ్యెను. అది దుభాషివంటిది: ఆట విండోసు భాషలో అడిగినదానిని లినక్సునకు దాని భాషలో విన్నవించును. వాల్వ్ సంస్థవారు 2013లో తమ స్టీమ్ అను ఆటల అంగడిని లినక్సునకు తెచ్చిరి. 2018 ఆగస్టులో వైన్‌నే మెరుగుపరచి ప్రోటాన్ అను పేర అందు చేర్చిరి. 2022లో స్టీమ్ డెక్ అను చేతి ఆటయంత్రమును లినక్సుమీదనే నడపి అమ్మకమునకు పెట్టిరి. అప్పటినుండి వేలకొలది ఆటలు ఏ బాధయు లేక నడచుచున్నవి. ఏ ఆట యెట్లు నడచునో వాడినవారే ప్రోటాన్‌డీబీ అనుచోట వ్రాసి యుంచుదురు.

అయినను పూర్తిగా నిజము చెప్పవలయును. పదిమంది కలిసి ఆడు కొన్ని పోటీ ఆటలలో, మోసమును పట్టుకొను కావలి ప్రోగ్రాములు లినక్సును అంగీకరింపవు. వాలొరాంట్, ఫోర్ట్‌నైట్ అట్టివి. ఏపెక్స్ లెజెండ్సు కొంతకాలము నడచి, 2024లో లినక్సువారికి తలుపు మూసెను. మా మనుమడు ఆడు నాలుగు ఆటలలో మూడు నడచునని తేలినది, ఒకటి నడవదు. "ఆ ఒక్కటే నాకు ఇష్టం తాతా" అని వాడు ముఖము చిన్నబుచ్చుకొనెను. క్రొత్త యంత్రమునకు వలయు సొమ్ము వాని కళాశాల రుసుమునుండి తీయవలసినదే యని నేను చెప్పలేదు. లెక్కపుస్తకమును వాని ముందుంచితిని. వాడు చాలసేపు చూచి, "సరే, మూడుతో ఆడుకుంట" అనెను. ఆ నిర్ణయము వానిది.

పిమ్మట పంపిణీ నెంచుట. ఆటలకై ప్రత్యేకముగా దిద్దిన బాజైట్ వంటివి కలవు. క్రొత్తదనము కోరువారికి ఫెడోరా కలదు. అన్నియు స్వయముగా పేర్చుకొనగోరువారికి ఆర్చ్ కలదు. మేము చూచిన కొలతలు మూడు. మొదటిది, ఎక్కువకాలము పోషణ ఉండవలెను: మింటు 22వ కూర్పు 2024లో వచ్చినది, 2029 వరకు రక్షణ దొరకును. రెండవది, పాత యంత్రమును బరువుతో క్రుంగదీయరాదు: మింటునకు రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తియున్నను చాలును, నాలుగున్న సుఖము; ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలిక రూపమును కలదు. మూడవది, చిక్కు వచ్చినపుడు అడుగదగినవారు దగ్గరలో నుండవలెను: మా వీధిలో ఒక విద్యార్థి మింటునే వాడుచున్నాడు. నా మట్టుకు ఈ మూడవదియే అన్నిటికంటె పెద్దది. ప్రపంచమునందలి ఉత్తమవ్యవస్థకంటె పొరుగువానికి తెలిసిన వ్యవస్థయే క్రొత్తవానికి మేలు.

తొందరపడక, ముందుగా ఫొటోలను పత్రములను వేరొక డిస్కునకు ఎత్తి యుంచితిమి. ఇది విడువరానిది, వ్యవస్థను మార్చునపుడు పాతవన్నియు చెరగిపోవచ్చును. తరువాత మింటును పెన్‌డ్రైవునకెక్కించి, లోపల స్థాపింపకయే దానినుండి నడిపి చూచితిమి. ధ్వని పలికినది, ముద్రణయంత్రము పనిచేసినది, వైఫై మాత్రము కానరాలేదు. మనుమడు చరవాణిని తీగతో తగిలించి, దానినుండి ఇంటర్నెట్టు తీసికొని, వైఫైకి వలయు డ్రైవరును దింపెను, అదియు నడచెను. రెండు దినములు ఇట్లు పరీక్షించిన పిమ్మటనే స్థాపించితిమి.

ఆ సాయంకాలము తెలుగు మీటలను అమర్చి, నా పింఛను విషయమై ఒక విన్నపమును నేనే వ్రాసితిని. ఒత్తులును గుణింతములును చెదరక నిలిచినవి. ఆ అక్షరముల వెనుక హెల్సింకి విద్యార్థియు, ముద్రణయంత్రముపై విసిగిన పరిశోధకుడును, పోతన పేర ఖతి కూర్చిన పెద్దయు, పేరులేని మన తెలుగుబిడ్డలును నిలిచియున్నట్లు నాకు తోచెను.

పెద్దలారా, మీ యిండ్లలోను ఇట్టి పాత యంత్రము మూలబడి యుండవచ్చును. దానిని పారవేయుటకు ముందు ఒక్కమారు ఇంటిపిల్లలను పిలిచి, పెన్‌డ్రైవుతో పరీక్షింపుడు. కుదిరినచో సంతోషము, కుదరనిచో పోయినది ఒక సాయంకాలము మాత్రమే. కుదిరినవారికి చిన్న బాకీ యొకటి కలదు. ఊరి చెరువు నీరు వాడుకొన్నవాడు ఏటేట పూడిక తీయుటకు ఒక తట్టయైనను మోయవలెను గదా! మా మనుమడు ఇప్పుడు వారమునకు పది మాటలు తెలుగు చేయుచున్నాడు. తోచనిచోట నన్నడుగుచున్నాడు. మొన్న వాడు అడిగిన మాటకు తగిన తెలుగు నాకును వెంటనే తోచలేదు. ఇద్దరమును నిఘంటువు ముందేసికొని కూర్చుంటిమి.