ప్రెసిషనా, జాజా?

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌లలో ఎన్నో కంపెనీలు, ఎన్నో నమూనాలు వచ్చాయి. అయినా కొనేవాడి ముందు చివరికి మిగిలేది పాత ప్రశ్నే: ప్రెసిషన్ బేసా, జాజ్ బేసా? రెండూ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో, లియో ఫెండర్ కంపెనీలో పుట్టినవే. రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలైన ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు.

ప్రెసిషన్ 1951లో వచ్చింది. అప్పటిదాకా వాద్యబృందాల్లో మంద్రస్వరం బాధ్యత నిలువెత్తు డబుల్ బేస్‌ది. దాన్ని ఊరూరా మోయడం ఒక యాతన, బాకాల హోరులో అది వినిపించేలా వాయించడం ఇంకో యాతన. పైగా మెడ మీద స్వరస్థానాలు చూపే ఫ్రెట్లు (వీణ మెట్ల లాంటివి) ఉండవు కనుక వేలు కాస్త జరిగితే శ్రుతి తప్పుతుంది. ఫెండర్ గట్టి చెక్క పలక మీద తీగల కంపించే నిడివిని 34 అంగుళాలుగా పెట్టి, మెడ మీద ఫ్రెట్లు బిగించి, దాన్ని ఆంప్లిఫయర్‌కు కలిపాడు. వేలు ఫ్రెట్ల మధ్య ఎక్కడ పడినా స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టే ఆ పేరు. ఇలాంటి ప్రయత్నం 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ చేశాడు గానీ అది జనంలోకి పోలేదు. లయనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో మంక్ మాంట్‌గొమరీ చేతిలో కనిపించాక ఫెండర్ వాద్యానికి గుర్తింపు పెరిగింది.

ఈ రోజు ప్రెసిషన్ అనగానే చెవిలో మోగే నాదం మాత్రం 1951ది కాదు, 1957ది. ఆ ఏడు ఫెండర్ పికప్‌ను మార్చాడు. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన అమరిక. పైన ఉక్కు తీగ కంపిస్తే అందులో విద్యుత్తు పుడుతుంది. కొత్త పికప్ రెండు ముక్కలు: ఒకటి లావు తీగలు రెండింటి కింద, మరొకటి సన్న తీగల కింద. ఒకదాని అయస్కాంత ధ్రువాలూ చుట్లూ రెండోదానికి తిరగేసి ఉంటాయి. దాంతో కరెంటు సరఫరా నుంచి చొరబడే గుయ్యిమనే రొద ఒకదానికొకటి కొట్టేసుకుని, తీగల నాదం మిగులుతుంది. మీటలు రెండే, ఒకటి ధ్వనికి, ఒకటి స్వరఛాయకు. నాదం గుండ్రంగా, దిట్టంగా ఉండి, డ్రమ్ములూ గిటార్లూ ఎంత మోగినా తన చోటు వదలదు.

జాజ్ బేస్ 1960లో వచ్చింది. నడుము వాలుగా ఉన్న ఒళ్లు, సన్నని మెడ. మెడ పైచివర తీగలు ఆనే నట్ దగ్గర పాత ప్రెసిషన్ మెడ వెడల్పు సుమారు 44 మిల్లీమీటర్లయితే దీనిది 38. పికప్‌లు రెండు. అసలు తేడా అక్కడే ఉంది. తీగలు ఒంటికి బిగిసి ఉండే బ్రిడ్జి దగ్గర తీగ కొద్దిగానే ఊగుతుంది. అక్కడి పికప్‌లో మూలస్వరం పలచబడి అతిస్వరాలు పైకి తేలతాయి కాబట్టి పలుకు పదునుగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. మెడ వైపు పికప్‌లో గుండ్రదనం ఎక్కువ. రెండింటినీ పూర్తిగా తెరిస్తే మధ్య పౌనఃపున్యాలు కొన్ని పరస్పరం తగ్గిపోయి, అడుగు బరువూ పై మెరుపూ మిగులుతాయి. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ శైలికి అది బాగా కుదిరింది. రెండూ తెరిచి ఉన్నప్పుడు ఇక్కడా రొద కొట్టేసుకుపోతుంది, ఒక పికప్ మూస్తే మాత్రం మళ్లీ మొదలవుతుంది.

పేరు చూసి కొంటే పొరపడతారు. జాజ్ వాద్యకారుల్లో ఎక్కువ మంది డబుల్ బేస్‌ను వదల్లేదు. జాజ్ బేస్‌ను లారీ గ్రాహం ఫంక్‌లోకి, లెడ్ జెప్పెలిన్ బృందంతో జాన్ పాల్ జోన్స్ రాక్‌లోకి తీసుకుపోయారు.

రెండు వాద్యాల స్వభావం తెలియాలంటే ఇద్దరిని వింటే చాలు. డిట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ చేతిలో 1962 ప్రెసిషన్ ఉండేది. మందమైన, నునుపు చుట్టు తీగలు. వాటిని దాదాపు మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. దశాబ్దం పాటు అమెరికా ఊగిన పాటలకు ఊపిరి పోసినా, 1971 దాకా మోటౌన్ రికార్డుల అట్టల మీద అతని పేరు పడలేదు. రెండోవాడు జాకో పాస్టోరియస్. అతని 1962 జాజ్ బేస్‌కు ఫ్రెట్లే ఉండవు. ఏ ఫ్రెట్లను చూపి ఫెండర్ 1951లో కొత్త వాద్యాన్ని అమ్మాడో అవి లేని మెడ చెక్కకు ఎపాక్సీ పూత పూసి వాయించాడు. 1976లో తన పేరుతోనే వచ్చిన ఆల్బంలో ఆ బేస్ వెనక నిలబడకుండా ముందుకొచ్చి పాడుతుంది. ఆ పలుకు ఎక్కువగా బ్రిడ్జి పికప్‌దే.

కొనేవాడు ముందు చేతిని, తర్వాత చెవిని అడగాలి. వేళ్లు పొట్టివైతే, పరుగు స్వరాలు వాయించాలనుంటే జాజ్ మెడ హాయి. అయితే ఇప్పటి ప్రెసిషన్లలో చాలావాటి నట్ వెడల్పు 41 మిల్లీమీటర్ల దగ్గరే కాబట్టి ఈ వాదన మునుపటంత బలమైనది కాదు. బృందంలో పాటను మోయడమే పనైతే, రికార్డింగ్‌లో మీటల తర్జనభర్జన వద్దనుకుంటే ప్రెసిషనే మేలు. ఒకే వాద్యంతో పలు రకాల పాటలు వాయించాల్సినవారికి జాజ్ దారులు చూపిస్తుంది, సరైన దారి వెతుక్కోవడం మాత్రం వాయించేవాడి పనే. తేల్చుకోలేనివారి కోసం ప్రెసిషన్ పికప్‌కు జాజ్ బ్రిడ్జి పికప్ జోడించిన నమూనాలూ దొరుకుతున్నాయి. వాటిలో ప్రెసిషన్ పికప్ జోరు సాధారణంగా ఎక్కువ కనుక రెండోది వెనకబడుతుంది. పికప్‌ల ఎత్తు మరలతో సరిచూసుకోక తప్పదు.